తుపాకి కట్టెకు పట్టించిన నూనె

పెద్ద నోట్లు రద్దు చేసిన చలికాలంలో మా బాపు తుపాకి విరిగింది. బ్యాంకు కాపలాకు పోయినన్నేళ్లూ ఆయన దాన్ని ఒక్కసారి కూడా పేల్చలేదు. నార్కట్‌పల్లిలో బ్యాంకు మెట్ల మీద జనం తోపులాటలో కింద పడి విరిగింది. ఆ రోజు నేను ఆడవాళ్ల లైనులో నిలబడి ఉన్నాను. నా కళ్ల ముందే జరిగింది.

బాపు సిపాయిగా చేసి, నేను హైస్కూల్లో ఉండగా పింఛను మీద ఇంటికి వచ్చాడు. కొన్నాళ్లు పత్తి వేశాడు. బోరు ఎండిపోయాక వ్యవసాయం మానేశాడు. సొంత తుపాకి, లైసెన్సు ఉన్న మాజీ సైనికులకు బ్యాంకుల దగ్గర కాపలా పని దొరుకుతుందని ఎవరో చెబితే, నల్లగొండ ఆఫీసుల చుట్టూ తిరిగి లైసెన్సు తెచ్చుకుని ఒంటి గొట్టం తుపాకి కొన్నాడు. పనిలో పెట్టుకునేది ఒక ఏజెన్సీ. వాళ్లకు మనిషి కంటే తుపాకి ముఖ్యం. ఆ సంగతి బాపుకు బాగా తెలుసు. అందుకే దాన్ని పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకునేవాడు. మమ్మల్ని ఎన్నడూ అట్లా చూసుకున్నట్టు నాకు గుర్తు లేదు.

ఆ రోజు బ్యాంకు షట్టరు సగం లేపి ఉంది. పొద్దున్నుంచీ నిలబడ్డ జనం లోపలి డబ్బు అయిపోయిందని ఎవరో అనగానే ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చారు. బాపు గుమ్మంలో అడ్డంగా నిలబడి, "జరగుండ్రి, అందరికి ఇస్తరు, జర వెనుకకు జరగుండ్రి" అంటున్నాడు. గొర్లు అమ్ముకున్న పైసలు మార్చుకోవడానికి వచ్చిన ఒక పెద్దమనిషి, "నువ్వేమన్న సారువా మమ్ముల ఆపెతందుకు? నీ ఇంట్లకెళ్లి ఇస్తున్నవా?" అని అరిచాడు. ఆయన మా ఊరివాడే. వెనకనుంచి ఎవరు తోశారో తెలియదు, బాపు వెనక్కి మెట్ల మీద పడ్డాడు. కుడిచెయ్యి ఒంటి కిందికి పోయింది. తుపాకి గ్రానైటు అంచుకు తగిలి పట్టుమని చప్పుడైంది. ఒక్క క్షణం అందరూ ఆగిపోయారు, పేలిందనుకుని. పేలలేదని తెలియగానే మళ్లీ తోసుకున్నారు. కొందరు బాపును దాటుకుంటూ పోయారు.

నేను లైను వదిలి పరుగెత్తాను. మేనేజరు బయటికి వచ్చి, "ముందు అందులో తూటా ఉందో లేదో చూడండి" అన్నాడు. బాపు పడిన చోటే కూర్చుని, ఎడమచేత్తో తుపాకి విప్పి ఖాళీ గొట్టం ఆయనకు చూపించాడు. అప్పుడు కనబడింది తుపాకి వెనక భాగంలోని కట్టె. చెయ్యి పట్టుకునే దగ్గర సన్నగా ఉంటుంది, దాన్ని మెడ అంటారు. అక్కడ ఏటవాలుగా చీలి, లోపలి తెల్లదనం బయటపడింది. బాపు తన మణికట్టు వాచిపోవడం చూసుకోలేదు. ఆ చీలిక మీద బొటనవేలు పెట్టి అట్లాగే కూర్చున్నాడు.

దవాఖానలో ఎముక విరిగిందని కట్టు వేశారు. ఏజెన్సీ సూపర్‌వైజరు ఫోన్ చేసి చెయ్యి ఎట్లా ఉందని అడిగాడు, తర్వాత తుపాకి ఎట్లా ఉందని అడిగాడు. విరిగిన తుపాకితో బ్యాంకు ముందు నిలబడితే పరువు పోతుందన్నాడు. బాగు చేయించుకుని చూపించేదాకా రావద్దన్నాడు.

అమ్మ అప్పటికే లేదు. బాపు, తమ్ముడు ఒక ఇంట్లో ఉండేవాళ్లు. నేను రెండు వీధుల అవతల కిరాయి ఇంట్లో, ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతున్నాను. మా ఆయన మేళ్లచెరువు ఫ్యాక్టరీ నుంచి సిమెంటు లారీ నడిపేవాడు. ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. పిల్లలిద్దరినీ బడికి పంపి, నాలుగు జాకెట్లు కుట్టి, మధ్యాహ్నం బాపు ఇంటికి పోయి వండిపెట్టి వచ్చేదాన్ని. తమ్ముడు డిగ్రీ అయిపోయి, ఒక చిన్న నాయకుడి వెంట బండి మీద తిరిగేవాడు. కట్టెను వడ్రంగం చేసే వడ్లాయన దగ్గరికి తీసుకుపొమ్మని బాపు చెబితే, "రేపు పోత బాపు" అనేవాడు. ఆ రేపు రాలేదు.

ఒక మధ్యాహ్నం నేను అన్నం పెడుతుంటే బాపు అన్నాడు: "బిడ్డా, రేపు వచ్చేటప్పుడు నీ ఇస్త్రీ పెట్టె పట్టుకరా."

"ఎందుకు బాపు?"

"కట్టెకు సొట్టలున్నయి. తడిబట్ట ఏసి ఇస్త్రీ పెడితే లేస్తయి. గా పని నీకు అలవాటే గదా."

నాతో ఆయన పని గురించి మాట్లాడటం అదే మొదటిసారి. నాకు ఎంత సంతోషమైందో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే జాలి వేస్తుంది.

కట్టెను ఊడదీయడం ఆయన చెబుతుంటే నేనే చేశాను. భుజానికి ఆనించే చివర రబ్బరు ముక్క ఉంటుంది. దాని రెండు మరలు తీస్తే లోపల లోతైన రంధ్రం, అందులో పొడుగాటి బోల్టు. అది వదులు చేయగానే కట్టె మొత్తం నా చేతుల్లోకి వచ్చింది. గొట్టాన్ని, మిగతా ఇనుమునంతా బాపు ఎడమచేత్తోనే బీరువాలో పెట్టి తాళం వేసుకుని, తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. "ఇనుముకే లైసెన్సు, కట్టెకు లేదు. దీన్ని నువ్వు ముట్టుకోవచ్చు" అన్నాడు. పాత చీరలో చుట్టి, ఆటోలో వడ్లాయన దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆయన చీలికలో జిగురు నింపి, లోపల సన్నని ఇత్తడి చీల దింపి, తాడుతో బిగించి మూడోనాడు ఇచ్చాడు. అతుకు గట్టిగా ఉంది కానీ చూడటానికి కుట్లు వేసిన గాయంలా ఉంది. వార్నిష్ కొట్టమంటారా అని ఆయన అడిగితే, వద్దు, బాపు ఒప్పుకోడు అన్నాను.

బాపుకు వార్నిష్ అంటే గిట్టదు. అది కట్టె మీద కూర్చుంటుంది, నూనె కట్టె లోపలికి పోతుంది అనేవాడు. పాత వార్నిష్ అంతా పగిలిన గాజుముక్కతో గీకించాడు. ముక్కను ఏ వాలులో పట్టాలో చూపించడానికి కట్టు వేసిన చెయ్యి ఎత్తబోయి నొప్పితో ఆగిపోయేవాడు. గీకాక సొట్టల మీద తడిబట్ట పరిచి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే ఆవిరి బుస్సుమనేది. బట్ట తీస్తే, లోపలికి అణిగిన చోటు నిద్ర లేచినట్టు పైకి వచ్చి ఉండేది. అతుకు దగ్గరికి మాత్రం వేడి పోనీయలేదు. తర్వాత ఉప్పుకాగితం, ముందు గరుకుది, ఆపై సన్ననిది. నున్నగా అయిందనుకునేసరికి తడిగుడ్డతో తుడవమన్నాడు. ఆరాక చెయ్యి పెడితే, కట్టె నిండా నూగు లేచింది, మీసం మొలుస్తున్న పిల్లాడి మూతిలాగా. "మల్ల రుద్దు" అన్నాడు. మళ్లీ తడిపించాడు, మళ్లీ రుద్దించాడు. తడిపినా నూగు లేవని రోజు వచ్చేదాకా నూనె మూత తీయనీయలేదు.

అవిసె నూనె నల్లగొండలో రంగుల దుకాణం నుంచి తెచ్చాను. బాపు వాసన చూసి తల ఊపాడు. అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని, కట్టె మీద పెట్టి రుద్దాలి. గుడ్డతో కాదు, చేత్తోనే. అరచెయ్యి కాలినట్టయితే నూనె లోపలికి దిగుతున్నట్టు లెక్క. రుద్దాక కాసేపు ఉంచి, మిగిలిన నూనె ఒక్క చుక్క లేకుండా తుడిచేయాలి. లేకపోతే జిగటగా ఆరి దుమ్ము పడుతుంది. చలికాలం కావడంతో ఒక పూత ఆరడానికి రెండు మూడు రోజులు పట్టేది. ఆరాక మళ్లీ నాలుగు చుక్కలు. తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేయనిచ్చేవాడు కాదు. విప్పి తీగ మీద ఆరవేయమనేవాడు. ఒకసారి పటాలంలో అట్లాంటి గుడ్డల కుప్ప దానంతట అదే అంటుకుని సామాను గది కాలిపోయిందట.

అట్లాంటివి చాలా చెప్పాడు ఆ రోజుల్లో. నేను రుద్దుతుంటే ఆయన గోడకు ఆనుకుని కూర్చుని చెప్పేవాడు. మంచులో వేళ్లు తిమ్మిరెక్కి చెంచా పట్టుకోలేకపోవడం, ఒక పంజాబీ హవల్దారు తనకు తుపాకి కట్టెకు నూనె పట్టించడం నేర్పడం, నేను పుట్టిన సంగతి ఉత్తరంలో పదిహేను రోజుల తర్వాత తెలియడం. "ఆడపిల్ల అని రాసిండ్రు. హవల్దారు సాబ్ మిఠాయి తెప్పియ్యమన్నడు. నేను తెప్పియ్యలే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను, చెయ్యి ఆపకుండా.

నా కుట్టుపని వెనకబడింది. వేళ్లకు నూనె వాసన ఎంత సబ్బు పెట్టినా పోయేది కాదు. పెళ్లికి కుట్టాల్సిన పట్టు జాకెట్టు మీద మరక పడితే, ఆ ఇంటి ఆమె వీధిలో నిలబడి నన్ను నానా మాటలు అంది. మళ్లీ నా దగ్గరికి రాలేదు. అరచెయ్యి తోలు లేచింది. మా ఆయన ఇంటికి వచ్చినప్పుడు చూసి, "గా పని మీ తమ్మునికి రాదా?" అన్నాడు. నాకు వచ్చు కదా అన్నాను.

నాలుగో పూతకు కట్టె మారిపోయింది. అది అక్రోట్ కర్ర. అంతకు ముందు వార్నిష్ కింద అంతా ఒకే గోధుమరంగులా ఉండేది. ఇప్పుడు ముదురు బెల్లం రంగులో, నల్లని చారలు లోపల్నుంచి కదులుతున్నట్టు పైకి వచ్చాయి. వెలుతురులో అటూ ఇటూ తిప్పితే ఆ చారలు లోతుగా, దగ్గరగా జరిగేవి. అతుకు గీత కూడా ఒక చారలో కలిసిపోయింది. దాని మీద గోరు పెట్టి గీస్తే తప్ప తెలియదు. బాపు ఎడమచేతి వేళ్లతో తడిమి చూసి, "హవల్దారు సాబ్ చూస్తే సంబురపడుతుండె" అన్నాడు. అంతకంటే పెద్ద మెప్పు ఆయన దగ్గర లేదు. నాకు చాలనిపించింది.

బాపు చేతికి కట్టు విప్పాక, తుపాకి చూడటానికి ఏజెన్సీ సూపర్‌వైజరు ఇంటికి వచ్చాడు. తమ్ముడు ఆ రోజు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంట్లోనే ఉన్నాడు. ఎందుకున్నాడో నాకు తర్వాత అర్థమైంది. నేను వంటింట్లో చాయ్ పెడుతున్నాను. తలుపు తెరిచే ఉంది.

సూపర్‌వైజరు తుపాకి అందుకుని, భుజానికి ఆనించి చూసి, "ఏడ చేయించిండ్రు? హైదరాబాదులనా? కొత్తదాని లెక్కున్నది" అన్నాడు.

"ఎక్కడ లేదు సార్. ఇంట్లనే. మా పోరడు చేసిండు" అన్నాడు బాపు.

"ఈ పిలగాడా?"

"అవ్ సార్. నెల రోజులు కూసున్నడు. నేను మూల కూసొని చెప్పిన, వాడు చేసిండు. తుపాకి అంటే వానికి పాణం. సిపాయి కొడుకు గదా."

తమ్ముడు తల వంచుకుని నవ్వాడు. కాదని అనలేదు. నేను చాయ్ గ్లాసులు తీసుకుపోయి ముందు పెట్టాను. నా చేతివేళ్ల కొసలు అప్పటికీ పసుప్పచ్చగా, గోళ్ల సందుల్లో నల్లగా ఉన్నాయి. సూపర్‌వైజరు గ్లాసు అందుకున్నాడు కానీ వేళ్లు చూడలేదు. బాపు మాత్రం చూశాడు. చూసి, కిటికీ వైపు తిరిగాడు.

సూపర్‌వైజరు పోయాక అడిగాను. "బాపు, గట్లెందుకు చెప్పినవ్?"

"నా మణికట్టు ఇంక తిరుగది బిడ్డా. తుపాకి ఎత్తలేను. నా జాగాల వాణ్ణి పెట్టుకొమ్మని అడిగిన. తుపాకి మోసే మనిషిగ లైసెన్సుల వాని పేరు ఎక్కిస్తరు. వానికి తుపాకి తెలుసు అంటెనే గదా పెట్టుకుంటరు."

"తెలుసని చెప్పు. నేను చేసింది వాడు చేసిండని ఎందుకు చెప్పాలె?"

"ఆడపిల్ల తుపాకి ముట్టిందంటే నవ్వుతరు. నువ్వు చేసినవని నాకు తెల్వదా? నాకు తెలిస్తే చాలదా?"

గ్లాసులు కడిగి ఇంటికి వచ్చాను. దారిలో నాలో నేనే చాలా జవాబులు చెప్పుకున్నాను. ఒక్కటీ ఆయన దగ్గర అనలేదు.

తమ్ముడికి పని దొరికింది. మొదట్లో బుద్ధిగా పోయాడు. తుపాకి భుజాన వేసుకుని ఫోటో దిగి, ఫోన్‌లో అందరికీ పంపాడు. నాకూ పంపాడు. రెండు నెలలకే తుపాకిని గుమ్మం పక్కన ఆనించి ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. వానలో తడిపి, తుడవకుండా సంచిలో పెట్టేవాడు. కట్టె మీద తెల్లని మచ్చలు పడేవి. అప్పుడు వచ్చి, "అక్కా, జర నూనె పెట్టియ్యవా? సారు చూస్తే కోపానికొస్తడు" అనేవాడు. పెట్టిచ్చేదాన్ని. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి. ఓట్లు అయిపోయాక తెచ్చుకుంటే, పది తుపాకులతో కలిసి మూలన పడి ఉండి గీతలు పడి వచ్చేది. మళ్లీ ఉప్పుకాగితం, మళ్లీ నాలుగు చుక్కలు. తమ్ముడి మీద కోపంతో కట్టెను వదిలేయాలని ఎన్నిసార్లో అనుకున్నాను. చేతిలోకి వచ్చాక వదలబుద్ధి అయ్యేది కాదు. అది నా పని. వాడి మొహం చూసి నా పని పాడుచేసుకోలేను కదా.

మధ్యలో ఒకసారి బాపు పాత పటాలం స్నేహితుడు ఒకాయన బాపును చూడటానికి వచ్చాడు. ఆ రోజు తుపాకి ఇంట్లోనే ఉంది. ఆయన కట్టె మీద చెయ్యి వేసి, "ఎవరిదిరా ఈ చెయ్యి? మన హవల్దారు సాబ్ చేసినట్టే ఉన్నది" అన్నాడు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. బాపు నా వైపు చూశాడు. తమ్ముడు ఇంట్లో లేడు. వినడానికి ఏజెన్సీ మనిషి లేడు. నిజం చెబితే పోయే ఉద్యోగమూ లేదు.

"ఇంట్లనే చేసినం" అన్నాడు బాపు.

చేసిండు అనలేదు. బిడ్డ చేసింది అని కూడా అనలేదు. చేసినం. ఆ 'నం'లో నేను ఉన్నానో లేనో ఎవరికీ తెలియదు. అయినా ఆ ఒక్క అక్షరం పట్టుకుని నేను చాలా రోజులు బతికాను. వంట చేస్తూ, మిషన్ తొక్కుతూ, చేసినం, చేసినం అనుకునేదాన్ని. ఇంకోసారి అడిగితే పూర్తిగా చెబుతాడేమో అనుకున్నాను. ఇంకెవరూ అడగలేదు.

కరోనా వచ్చిన రెండో ఏడు ఎండాకాలంలో బాపు పోయాడు. నల్లగొండ దవాఖానలో చివరి రోజుల్లో ఆక్సిజన్ మాస్కు కింద నుంచి మాట సరిగ్గా వచ్చేది కాదు. ఒకరోజు నర్సుకు చెప్పి, రెండు మాస్కులు పెట్టుకుని నేను మంచం దగ్గరికి పోగలిగాను. చెయ్యి పట్టుకుంటే కళ్లు తెరిచి, "తమ్ముడు తిన్నడా?" అన్నాడు. తిన్నాడని చెప్పాను. నన్ను నువ్వు తిన్నవా అని అడగలేదు. అడిగే ఓపిక లేదేమో. ఏడాది పాటు నాకు నేను అట్లాగే చెప్పుకున్నాను.

లైసెన్సు తమ్ముడి పేరు మీదికి మారాలంటే నాకు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. నల్లగొండ పోయి పెట్టాను. అక్కడి గుమాస్తా కాగితం తిప్పి చూసి, "మీకు తుపాకితో ఏం పని లేదు కదమ్మా?" అన్నాడు. అది ఆయన వాడుకగా అనే మాట అయ్యుంటుంది. నేను లేదన్నాను.

తమ్ముడు ఆ తర్వాత రెండేళ్లు కూడా ఆ పని చేయలేదు. బ్యాంకు వాళ్లు కెమెరాలు పెట్టుకుని తుపాకి మనిషిని తీసేశారు. వాడు తన నాయకుడి వెంట ప్లాట్ల దందాలో దిగాడు. తుపాకి బీరువాలో పడి ఉండేది. మొన్నటి సంవత్సరం ఒకరోజు ఫోన్ చేశాడు.

"అక్కా, తుపాకి అమ్మేస్తున్న. మహబూబ్‌నగర్‌కెళ్లి ఒకాయన వస్తాండు. ఆయనకు లైసెన్సు ఉన్నది, పర్మిషన్ పని అంత నడుస్తాంది. నువ్వొచ్చి ఒక్కసారి నూనె పట్టియ్యి. మంచిగ కనవడాలె."

వద్దని ఎందుకు అనలేదో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. చివరిసారి చేతిలోకి తీసుకోవాలనిపించింది, అంతే కావచ్చు. ఇనుమును తమ్ముడు బీరువాలోనే ఉంచి కట్టె ఇచ్చాడు. కట్టె పొడిబారి, బూడిద రంగులోకి తిరిగి ఉంది. వారం రోజులు పోయివచ్చాను. ఈసారి గోడకు ఆనుకుని చెప్పేవాళ్లు లేరు. అప్పటికి తమ్ముడికి పెళ్లయింది. మరదలు చాయ్ ఇచ్చి, వాసన వస్తోందని తలుపు దగ్గరికి వేసేది. మూడు పూతల్లో చారలు మళ్లీ లేచాయి.

కొనే ఆయన కారులో వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, నెమ్మది మనిషి. ఊరి బయట తోట కట్టుకున్నానని, అందులో హాలు గోడకు పెడతానని చెప్పాడు. తుపాకిని చేతిలో తిప్పుతూ, "కట్టె చాలా బాగుంది. ఎవరు చేశారు?" అని అడిగాడు.

"మా బాపు సార్" అన్నాడు తమ్ముడు. "మిలిట్రీల నేర్చుకున్నడు. ఆయన చేతిపని."

తను చేశానని వాడు ఇప్పుడు అనలేదు. చనిపోయినవాడి పేరు చెబితే ధర పెరుగుతుందని తెలిసి ఉండాలి. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"బాపు చెయ్యలే సార్. నేను చేసిన. మొదట విరిగినప్పుడు నేనే చేసిన, ఇప్పుడు గూడ నేనే చేసిన."

ఇన్నేళ్లు ఆ మాట నోట్లో పెట్టుకుని తిరిగాను. అది బయటికి వస్తే ఇంట్లో ఏదో కూలిపోతుందని, బాపు మాట అబద్ధమవుతుందని భయపడ్డాను. ఏమీ కూలలేదు. కొనే ఆయన నా వైపు తిరిగి, మర్యాదగా, "అట్లనా అమ్మా, మంచిది" అన్నాడు. వెంటనే తమ్ముడి వైపు తిరిగి, "ఇది కొంచెం మబ్బుగా ఉంది. హైదరాబాదులో మెషిన్ పాలిష్ కొట్టిస్తే అద్దంలా మెరుస్తుంది. గోడ మీద లైటు పడితే మెరవాలి కదా" అన్నాడు.

"కొట్టియ్యుండ్రి సార్, మీ ఇష్టం" అన్నాడు తమ్ముడు.

కారు పోయాక తమ్ముడు అరుగు మీద నిలబడి, "గిప్పుడు గా ముచ్చట అవసరమా అక్కా, బయటోళ్ల ముందట?" అన్నాడు.

"లోపటోళ్ల ముందట చెప్పనియ్యలేదు గదా" అన్నాను.

"అందరికి తెలుసక్కా నువ్వు చేసినవని. ఎవలు కాదన్నరు?" అన్నాడు. నిజంగానే అడిగాడు, వెక్కిరించలేదు. ఎవరూ కాదనలేదన్న మాట వాడి లెక్కలో నిజమే. అప్పటి నుంచి మేము పండుగలకూ చావులకూ కలుస్తున్నాం, పలకరించుకుంటున్నాం. అంతకు మించి లేదు.

బాపు సంవత్సరీకాలకు వచ్చినవాళ్లు ఇప్పటికీ ఆయన ఎంత నిజాయితీపరుడో చెబుతారు. బ్యాంకు గుమ్మంలో అన్నేళ్లు నిలబడి ఎవరి దగ్గరా చాయ్ కూడా తాగలేదంటారు. అది నిజమే. నేను వాళ్లకు విస్తరాకులు వేస్తూ వింటాను. బాపు మీద కోపం ఇంకా పోలేదా అని మా ఆయన ఒకసారి అడిగాడు. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోవద్దన్నాడు. ఆయన చెప్పింది మంచి మాటే. నాకు మాత్రం పోలేదు.